ఔషధ సంస్థలు – అధిపతుల పూర్వానుభవము

క్రొత్తగా స్థాపింపబడిన కంపెనీ ఏదైనను ప్రజలనుండి మూలధనమును కోరునపుడు ఒక ప్రకటన పత్రమును వెలువరించును. అందు కంపెనీ ఉద్దేశములు, షేరు వెల మొదలగు విషయము లుండును. మనవారు సామాన్యముగా వీనినన్నిటిని దాటి డైరెక్టర్ల పట్టికకడకు పోవుదురు. అందొక విశ్రాంత న్యాయమూర్తియు, ఒక మాజీ మంత్రియు, ఒక ప్రసిద్ధ ధనికుడును కనబడినచో, పెద్దలున్నారు గదా యని ధైర్యము చెప్పుకొని సొమ్ము కట్టుదురు. ఈ యలవాటు మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. అమెరికాలోని కోటీశ్వరులు సైతము ఇట్లే మోసపోయిన వృత్తాంతమును ముందు చూడగలము. బట్టల మిల్లు విషయమున ఈ పొరపాటు జరిగినచో నష్టపోవువాడు షేరుదారుడు. ఔషధ సంస్థ విషయమున నష్టము అంతటితో నిలువదు. ఆ ప్రకటన పత్రమును ఎన్నడును కంట జూడని రోగి దాని ఫలితము ననుభవింపవలసి వచ్చును.

బియ్యము కొనువాడు గుప్పెడు గింజలు చేతబట్టి చూచును. వస్త్రము కొనువాడు అంచు నలిపి చూచును. బంగారమునకు గీటురాయి కలదు. మాత్ర కొనువానికి మాత్రము ఏ పరీక్షయు లేదు. అతడు వైద్యుని నమ్మును. వైద్యుడు మందుల దుకాణమును నమ్మును. దుకాణదారుడు సీసాపై నంటించిన చీటిని నమ్మును. ఈ నమ్మకముల గొలుసు తుదకు కర్మాగారములోని కొలదిమంది మనుష్యుల చేతికి చేరును. వారెవరు? ఇంతకుముందు ఏ పని చేసి వచ్చినవారు? ఎరుగని విషయము ఎదురైనపుడు ఏమి చేయుదురు? ఔషధ సంస్థనుగూర్చి అడుగదగిన ప్రశ్నలలో ఇవి మొదటివి.

పెద్ద సంస్థలో అధిపతి యొక్క పూర్వానుభవము అంత ప్రధానము కాకపోవచ్చును. అచ్చట పరిశోధనకు, తయారీకి, పరీక్షకు, లెక్కలకు, న్యాయ విషయములకు వేర్వేరు శాఖలుండును. ఒకరి లోపమును వేరొకరు సరిదిద్దుదురు. నేడు 'స్టార్టప్' అను పేర వాడుకలోనున్న చిన్న సంస్థలో అట్టి యవకాశము లేదు. అందు నలుగురైదుగురు కలసి సర్వకార్యములు నడుపుదురు. వారి గుణములు సంస్థ గుణములగును. వారి యజ్ఞానము సంస్థ యజ్ఞానమగును. పైగా క్రొత్త ఔషధము నిర్మించుట ఓర్పును పరీక్షించు పని. మొదటి ప్రయోగమునుండి అంగడికి వచ్చువరకు సామాన్యముగా పదియేండ్లకు పైబడి పట్టును. మనుష్యులపై పరీక్షింపబడు దశకు వచ్చిన మందులలోగూడ పదింట తొమ్మిది విఫలమగుచుండును. ఇంతకాలము రాబడి లేక, ఇన్ని అపజయముల నడుమ, సత్యమును దాచక నిలువగలవారు ఎట్టివారో తెలియుటకు పూర్వచరిత్ర తప్ప వేరు ఆధారము లేదు.

మన దేశమున ఈ పరిశ్రమకు ఆద్యుడు ఆచార్య ప్రఫుల్లచంద్ర రే గారు. ఎడింబరో విశ్వవిద్యాలయమున రసాయన శాస్త్రమున డాక్టరు పట్టమును బడసి, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులైరి. 1892లో తమ జీతమునుండి మిగిల్చిన సుమారు 700 రూపాయలతో అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని తమ యద్దె యింటిలో బెంగాల్ కెమికల్ వర్క్స్‌ను ఆరంభించిరి. ఫాస్ఫేటు తయారుచేయుటకై పశువుల యెముకలను మేడమీద ఎండబోయగా, వానిని కాకులు ఎత్తుకొనిపోయి ఇరుగుపొరుగు ఇండ్లపై వేయుటయు, వారు మొరపెట్టుటయు ఆయన జీవితచరిత్ర చదివినవారికి తెలిసిన సంగతియే. పగలు కళాశాలలో బోధన; సాయంకాలము సీసాలు, కొలిమి, లెక్కల పుస్తకము. ఇది సంస్థాపకుని పూర్వానుభవము.

ఆయన యొంటరిగా ఈ కార్యమును నెరవేర్చలేదు. అమూల్యచరణ బోసు గారను వైద్యుడు భాగస్వామిగా చేరి, సంస్థలో తయారైన మందులను తోడి వైద్యులకు చూపి, స్వదేశపు సరుకునెడల వారికున్న శంకలను తీర్చుచు వచ్చెను. రసాయన శాస్త్రమున ఎం.ఏ. పట్టభద్రుడైన సతీశచంద్ర సింహ గారు తయారీకి తోడైరి. 1898లో బోసుగారు ప్లేగు వ్యాధికి బలియైరి. సింహగారు ప్రయోగశాలలో ప్రమాదవశమున విషము తగిలి మరణించిరి. ఇద్దరు మిత్రులను గోల్పోయియు రేగారు సంస్థను విడువలేదు. 1901లో అది లిమిటెడ్ కంపెనీగా మారెను. తరువాత చేరిన రాజశేఖర బోసు గారు దీర్ఘకాలము దాని నిర్వాహకులైరి. హాస్యరచయితగా 'పరశురామ్' అను పేర వంగదేశమంతట ప్రసిద్ధి కెక్కినవారు ఈయనయే. కాని ఆయనను సంస్థలోనికి దెచ్చినది రసాయన శాస్త్ర పరిజ్ఞానము.

ఈ యుదాహరణమునుండి ఒక విషయము స్పష్టమగుచున్నది. ఔషధ సంస్థకు మూడు విధములగు ఎరుక కావలెను. పదార్థము నెరిగినవాడు ఒకడు. రోగి నెరిగినవాడు ఒకడు. రూపాయి నెరిగినవాడు ఒకడు. ఒకే వ్యక్తియందు ఈ మూడును ఉండుట అరుదు. ఉండనక్కరయు లేదు. కాని ఆ యింటిలో మూడును ఉండవలెను; వానిలో నేదియు తక్కిన రెంటి నోరు నొక్కరాదు.

రూపాయి నెరిగినవాని ప్రయోజకత్వమునకు మన తెలుగువారిలోనే గొప్ప దృష్టాంతము కలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కృష్ణాతీరమునుండి దేశాంతరము పోయి, బొంబాయిలో వర్తక సంస్థయందు పనిచేసి వ్యాపార మర్మముల నేర్చిరి. 1893లో అమృతాంజనమును స్థాపించిరి. సంగీత సభలలో డబ్బీలు ఉచితముగా పంచి దాని గుణమును ప్రజలే తెలిసికొనునట్లు చేసిరి. తలనొప్పికి నుదుట పూయు లేపనమునకు ఈ యనుభవము చాలును; లోపమున్నచో వాడినవానికి వెంటనే తెలియును, మరునాడు కొనడు. అందుచే ప్రజల మెప్పే దానికి పరీక్ష. సూదిమందు విషయమున, పసిబిడ్డకు వేయు టీకా విషయమున ప్రజల మెప్పు పరీక్ష కాజాలదు. అవి పనిచేసినవో లేదో సంవత్సరములు గడచినగాని తెలియదు. అపకారము చేసినచో గంటలలో తెలియును. అచ్చట వర్తక ప్రజ్ఞ యొక్కటియే చాలదు.

అట్లని శాస్త్ర పట్టముల నొక్కటే చూచి తృప్తిపడుటయు ప్రమాదమే. 1937లో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రమున మాసెన్‌గిల్ అను ఔషధ సంస్థలో జరిగిన ఘోరము దీనికి సాక్ష్యము. అది క్రొత్త సంస్థ కాదు. యజమాని డాక్టరు బిరుదు గలవాడు. ప్రధాన రసాయనజ్ఞుడు పనిదెలిసినవాడు. అప్పుడు ప్రసిద్ధికి వచ్చుచున్న సల్ఫనిలమైడు మాత్రలుగాను, పొడిగాను దొరకుచుండెను. పిల్లలు త్రాగుటకు వీలుగా ద్రవరూపమున కావలెనని అంగడినుండి కోరిక వచ్చెను. ఆ రసాయనజ్ఞుడు వెదకి, డైఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవములో అది చక్కగా కరగునని కనుగొనెను. రుచి చూచిరి, వాసన చూచిరి, రంగు చూచిరి. ఆ ద్రవము ప్రాణులకేమి చేయునని మాత్రము ఎవరును చూడలేదు. ఒక్క కుందేలుపై ప్రయోగించినను తెలియదగినది. సెప్టెంబరులో సరుకు వెళ్లెను. కొలది వారములలో నూరుమందికి పైగా, అందనేకులు పిల్లలు, మూత్రపిండములు చెడి మరణించిరి. పరీక్ష చేయవలెనను నిర్బంధము నాటి చట్టములో లేదు. 'ఎలిక్సిర్' అను పేరు మద్యసారము గల మందుకే చెల్లునను సాంకేతిక కారణముపై జరిమానా మాత్రమే విధింపగలిగిరి. మరుసటి యేట, 1938లో, అమెరికా ప్రభుత్వము మందులు అంగడికి రాకముందే వాని సురక్షితత్వమును నిరూపింపవలెనను చట్టమును చేసెను. ఆ రసాయనజ్ఞుడు ఆత్మహత్య చేసికొనెను.

పదార్థము నెరిగినవాడు ఆ యింట నుండెను. రోగి పక్షమున ప్రశ్నించువాడు లేకపోయెను. ఇది పాతకథ యని త్రోసివేయుటకును వీలులేదు. 2022లో మన దేశమునుండి గాంబియా దేశమునకు వెళ్లిన దగ్గుమందులలో అదే ద్రవము కనబడినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించెను. ఎనుబదియైదేండ్లైనను అడుగవలసిన ప్రశ్న మారలేదు.

ఇక హైదరాబాదునకు వత్తము. నేడు ఆ నగర పరిసరములలో ఇన్ని ఔషధ కర్మాగారములు వెలయుటకు కారణమేమని అడిగినచో, ఒక ప్రభుత్వ సంస్థను చూపవలసియుండును. 1961లో సోవియట్ సహాయముతో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ సంస్థకు హైదరాబాదులో కృత్రిమ ఔషధముల కర్మాగారముండెను. అది తాను వర్ధిల్లలేకపోయినను అనేకులకు పాఠశాల యయ్యెను. రియాక్టరు ముందు నిలిచి, ఉష్ణము హెచ్చిననేమగునో, తగ్గిననేమగునో కన్నులార చూచిన రసాయనజ్ఞులు అచ్చట తయారైరి. అదే సమయమున 1970 నాటి పేటెంటు చట్టము, మందునకుగాక మందు తయారుచేయు పద్ధతికి మాత్రమే పేటెంటు హక్కు నిచ్చెను. క్రొత్త పద్ధతి కనిపెట్టగలవాడు తెలిసిన మందును చౌకగా చేయవచ్చును. అట్టి కాలమునకు రసాయనజ్ఞుడే తగిన నాయకుడు.

తాడేపల్లి గ్రామమున పసుపు పండించు రైతు కుటుంబమున జన్మించిన కల్లం అంజిరెడ్డి గారు గుంటూరు ఏ.సి. కళాశాలలోను, బొంబాయిలోను చదివి, పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలయందు డాక్టరు పట్టము పొంది, 1969లో ఈ ప్రభుత్వ కర్మాగారమున చేరిరి. ఆరేండ్లు పనిచేసిరి. 1976లో యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్ అను సంస్థలలో భాగస్వాములై వానిని నడిపిరి. ఆ తరువాతనే 1984లో 25 లక్షల రూపాయల మూలధనముతో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించిరి. రక్తపుపోటునకు వాడు మిథైల్‌డోపాను తయారుచేసి 1986 నాటికి విదేశములకు పంపగలిగిరి. సంస్థ పుట్టినదినమున అధిపతి వెనుక పదునైదేండ్ల కర్మాగారానుభవమును, అంతకుముందు రెండు సంస్థల కష్టసుఖములును ఉండినవను సంగతిని విజయగాథలు చెప్పువారు తరచుగా మరతురు. 2013లో ఆయన మరణించిరి. 2001లో అమెరికా షేరు బజారుకెక్కిన సంస్థగా లోకమెరిగిన ఆ పేరునకు పునాది ఆ పదునైదేండ్లలోనే పడినది.

అట్లయిన పదార్థము నెరుగనివాడు ఔషధ సంస్థను స్థాపింపరాదా? స్థాపింపవచ్చును. దీనికిని హైదరాబాదులోనే సాక్ష్యము కలదు. నెల్లూరు సీమవారగు కె.ఐ. వరప్రసాదరెడ్డి గారు చదివినది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. రక్షణశాఖకు జెందిన ప్రయోగశాలలోను, పిదప పారిశ్రామికాభివృద్ధి సంస్థలోను పనిచేసిరి. బ్యాటరీల వ్యాపారములో నుండిరి. జెనీవాలో జరిగిన ఒక సభకు వెళ్లినపుడు, హెపటైటిస్-బి అను కాలేయ వ్యాధి భారతదేశమున ఎంత విస్తరించియున్నదో విని కలత జెందిరి. రక్తము వలన, ప్రసవ సమయమున తల్లినుండి బిడ్డకు, సంక్రమించు ఈ వ్యాధి సంవత్సరముల పర్యంతము దాగియుండి కాలేయమును గట్టిపరచి, కొందరికి పుట్టకురుపు పుట్టించును. దీనికి టీకా కలదు. కాని అది విదేశములనుండి వచ్చుచు సామాన్యుని చేతికందని వెలలో నుండెను. ఆ విద్య నిమ్మని ఒక విదేశ సంస్థను కోరగా అవమానకరముగ నిరాకరింపబడెనని ఆయన అనేక పర్యాయములు చెప్పియున్నారు.

1993లో తల్లిగారి పేర శాంతా బయోటెక్నిక్స్ వెలసెను. ఒమాన్ దేశపు విదేశాంగమంత్రి యూసఫ్ బిన్ అలావీ గారు పెట్టుబడి నిచ్చి ఆదుకొనిరి. ఇంతవరకు ధైర్యవంతుడగు వ్యాపారి యెవడైనను చేయగలడు. గమనింపదగినది తరువాతి నడక. జీవశాస్త్రము తనకు రాదని ఎరిగిన ఈ ఇంజనీరు యువ శాస్త్రజ్ఞులను చేర్చుకొని, ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, పిదప కణజీవ, అణుజీవ శాస్త్ర కేంద్రములోను వారికి చోటు సంపాదించెను. వ్యాధికారకము యొక్క పైపొరలోని ఒక మాంసకృత్తు తాలూకు జన్యువును ఒకజాతి ఈస్టునందు చొప్పించి, దానిచే ఆ మాంసకృత్తును తయారుచేయించుట వారి పని. దీనికి నాలుగేండ్లు పట్టెను. 1997లో షాన్‌వాక్-బి వెలువడెను. మన దేశమున జన్యుసంయోజన విధానమున తయారైన మొదటి టీకా యిదియే. విదేశ టీకా వెల ఆ పోటీకి తాళలేక దిగివచ్చెను. ఇంజనీరు టీకా తయారుచేయలేదు. తయారుచేయగలవారికి నాలుగేండ్లు నీడనిచ్చెను.

ఆ సంస్థ తరువాతి చరిత్రయు ఒక పాఠము చెప్పును. 2009లో అది ఫ్రాన్సుదేశపు సనోఫీ సంస్థ వశమయ్యెను. 2010లో దాని ఐదు వ్యాధుల టీకా సీసాలలో తెల్లని మడ్డి కనబడుటచే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను తన యంగీకృత పట్టికనుండి తొలగించెను. 2014లోగాని అది తిరిగి చోటు సంపాదింపలేదు. గొప్ప పేరుగాని, గొప్ప ధనముగాని, పూర్వపు విజయముగాని సీసాలోని సరుకునకు హామీ కాదు. ప్రతి సీసాకు పరీక్ష క్రొత్తగా జరుగవలసినదే.

రూపాయి నెరిగినవాడును, పదార్థము నెరిగినవాడును సమానులై కూర్చుండిన సంస్థకు అమెరికాలోని జెనెన్‌టెక్ ఉదాహరణము. 1976 జనవరిలో, ముప్పదియేండ్లు నిండని రాబర్ట్ స్వాన్సన్ అను యువకుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందలి హెర్బర్ట్ బోయర్ గారిని పది నిమిషముల కాలము వేడెను. ఆ సంభాషణ మూడు గంటలు సాగినదట. స్వాన్సన్ రసాయన శాస్త్రమును, వ్యాపార నిర్వహణమును రెంటిని చదివి, క్రొత్త సంస్థలకు పెట్టుబడి సమకూర్చు వృత్తిలో నుండినవాడు. బోయర్ ఒక జీవియందలి జన్యువును బాక్టీరియాలో చేర్చు విధానమును 1973లో స్టాన్లీ కోహెన్ గారితో కలసి కనుగొనినవాడు. ఇరువురు చెరి 500 డాలర్లు వేసికొని సంస్థకు నాంది పలికిరి.

1977లో మొదటి ప్రయోగము ఫలింపలేదు. బాక్టీరియా తాను చేసిన హార్మోనును తానే భక్షించివేసెను. ధనమెరిగినవాడు ధనమే ఎరిగియుండినచో అప్పుడే మూటగట్టుకొని పోయెడివాడు. స్వాన్సన్‌కు రసాయన శాస్త్రము తెలియును గనుక శాస్త్రజ్ఞులు చెప్పిన కారణము అర్థమయ్యెను. ఆ హార్మోనును పెద్ద మాంసకృత్తు చాటున దాచి తయారుచేయించు ఉపాయమునకు గడువిచ్చెను. కొలది మాసములలో ప్రయోగము ఫలించెను. 1978లో మానవ ఇన్సులిన్ సిద్ధించెను. ఎలై లిల్లీ సంస్థతో కలసి 1982లో అది ప్రభుత్వ యంగీకారము పొందెను. అంతవరకు మధుమేహ రోగులు పశువుల, పందుల క్లోమమునుండి తీసిన ఇన్సులిన్‌పై ఆధారపడియుండిరి. తమ శాస్త్రజ్ఞులు తమ ఫలితములను పత్రికలలో ప్రకటించుకొనుటకు ఆ సంస్థ అనుమతించెను. దానివలన మంచి శాస్త్రజ్ఞులు చేరిరి. అంతకంటె ముఖ్యముగా, సంస్థ చెప్పినది నిజమో కాదో బయటివారు పరీక్షించు వీలు కలిగెను.

ఇప్పుడు ఈ వ్యాసారంభమున చెప్పిన మోసపు వృత్తాంతమును చూతము. థెరానోస్ ఔషధ సంస్థ కాదు, రక్తపరీక్షల సంస్థ. కాని రోగి ప్రాణముతో సంబంధించిన విషయమగుటచే ఇచ్చట చెప్పదగును. 2003లో పందొమ్మిదేండ్ల ఎలిజబెత్ హోమ్స్ విశ్వవిద్యాలయ విద్యను నడుమనే విడిచి దీనిని స్థాపించెను. వ్రేలినుండి తీసిన రెండు మూడు చుక్కల నెత్తుటితో వందలకొలది పరీక్షలు చేయవచ్చునని ప్రకటించెను. రెండవ స్థానమందు కూర్చుండినవాడు సాఫ్ట్‌వేరు వ్యాపారము చేసినవాడు. డైరెక్టర్ల పట్టిక చూచిన కన్నులు చెదరును: మాజీ విదేశాంగమంత్రులు షుల్జ్, కిస్సింజర్, మాజీ రక్షణమంత్రి పెర్రీ, సేనాధిపతి మాటిస్, మాజీ సెనేటర్లు. వైద్యరంగమువారు ఒకరిద్దరుండినను అధికసంఖ్యాకులు రాజనీతిజ్ఞులు, సేనానులు. ఈ పేరులను జూచి రూపర్ట్ మర్డోక్ వంటివారు పన్నెండు కోట్ల డాలర్లకు పైగా ఇచ్చిరి. 2014లో సంస్థ విలువ 900 కోట్ల డాలర్లని లెక్కించిరి.

యంత్రము చెప్పినట్లు పనిచేయుట లేదని ఎవరికిని తెలియదా? తెలియును. ప్రయోగశాలలో పనిచేయు యువ ఉద్యోగులకు తెలియును. అందొకడు డైరెక్టరగు షుల్జ్ గారి మనుమడే. అతడు తాతకు చెప్పినను తాత నమ్మలేదు. తుదకు 2015లో ఒక వార్తాపత్రికా రచయిత శ్రమవలన నిజము బయటపడెను. 2018లో సంస్థ మూతబడెను. 2022లో అధిపతులిరువురును పెట్టుబడిదారులను వంచించిరని న్యాయస్థానము నిర్ణయించి చెరసాల శిక్ష విధించెను. నడుమ తప్పుడు రక్తపరీక్షల ఫలితము లందుకొనిన రోగుల భయమునకు ఎవరు వెలకట్టగలరు? ఆ బల్లచుట్టు కూర్చుండినవారు దేశముల నడుమ సంధులు కుదిర్చినవారు. వారి మేధ శంకింపదగినది కాదు. కాని ఆ యంత్రమునుగూర్చి ఏ ప్రశ్న అడుగవలెనో వారి పూర్వానుభవములో ఎచ్చటను లేదు.

ఈ వృత్తాంతములన్నిటిని కలిపి చూచినచో, ఔషధ సంస్థాధిపతుల పట్టికను ఎట్లు చదువవలెనో తెలియగలదు. మొదట, వీరిలో ఆ వస్తువును తన చేతులతో తయారుచేసి, చెడగొట్టి, మరల చేసినవాడు కలడా యని చూడవలెను. కళాశాల పేరుకంటె ప్రయోగశాలలో గడిపిన సంవత్సరముల సంఖ్య ఎక్కువ చెప్పును. రెండవది, అధిపతికి రాని విద్య వచ్చినవాడు ఏ స్థానమున నున్నాడు? అతనిది నిర్ణయము చేయు కుర్చీయా, ఛాయాచిత్రములో నిలబడు చోటా? మూడవది, ఇదివరలో వీరు పనిచేసిన చోట అపజయము సంభవించినపుడు దానిని వెల్లడించిరా, కప్పిపుచ్చిరా? అపజయము నెరుగని పూర్వచరిత్ర ఈ పరిశ్రమలో దుర్లభము; అట్టిది కనబడినచో మరింత జాగ్రత్తతో చదువవలెను. నాలుగవదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు ఒకటి కలదు: తయారైన సరుకును ఆపు అధికారము ఎవరిది? ఆ మనిషి జీతము, పదోన్నతి అమ్మకములు చూచువాని దయపై ఆధారపడియున్నవా? మన దేశమున 1940 నాటి ఔషధ చట్టము క్రింది నిబంధనలలో నాణ్యతా పరీక్షాశాఖ తయారీశాఖకు లోబడరాదని యున్నది. చిన్న సంస్థలలో యజమానుడే రెంటికి ప్రభువగుట వలన ఈ నియమము కాగితముపై నిలిచిపోవు ప్రమాదము కలదు.

చట్టముండగా, తనిఖీదారులుండగా మనకీ విచారమెందుకని కొందరనవచ్చును. తనిఖీదారుడు ఏడాదికి కొన్ని దినములు వచ్చును; తక్కిన దినములలో ఆ కర్మాగారమున నుండునది అధిపతి మనస్సాక్షియే. అతడు పరీక్షించునది కొన్ని సీసాలను. రోగి త్రాగునది తక్కిన సీసాలను. అనుభవమునే పట్టుకొని కూర్చుండిన క్రొత్తవారికి తావెక్కడిదని మరికొందరనవచ్చును. ఇది ఆలోచింపదగిన మాట. పాత పద్ధతులలో తలపండినవారు క్రొత్త మార్గములను పరిహసించిన సందర్భములు లేకపోలేదు. బ్యాటరీల వ్యాపారి టీకా తయారుచేయించునని 1993లో ఎందరు నమ్మియుందురు? కాని వరప్రసాదరెడ్డి గారికిని, హోమ్స్‌కును భేదము వయస్సులో లేదు, చదువులో లేదు. ఆయన తనకు రానిదానిని వచ్చినవారి చేతిలో పెట్టి, వారు సిద్ధమైనదని చెప్పువరకు వేచియుండెను. ఆమె వారు సిద్ధము కాలేదని చెప్పుచున్నను ప్రకటనలు చేసెను.

చెన్నపట్టణములోను, బెంగుళూరులోను, బొంబాయిలోను స్థిరపడిన తెలుగు కుటుంబములనుండి యువకులు, యువతులు ఏటేట ఔషధశాస్త్రము, జీవసాంకేతిక విద్య చదివి బయటికి వచ్చుచున్నారు. వీరిలో కొందరు ఉద్యోగములు వదలి స్వంత సంస్థలు స్థాపింపగోరుట సంతోషదాయకము. ఇంటి పెద్దలు వీరికి మూలధనము సమకూర్చునపుడు, ఇంకను రెండేండ్లు కర్మాగారములో పనిచేసి రమ్మని చెప్పుటకు సంకోచింపరాదు. ఆ రెండేండ్లలో పాడైన సరుకును పారబోయవలసి వచ్చిన దిన మొక్కటియైనను వచ్చును. పైయధికారి పంపివేయుమని తొందరపెట్టుచుండగా, నష్టమునకు ఓర్చి ఆ సరుకు నాపినవాని ప్రక్కన నిలిచి చూచుట ఏ విశ్వవిద్యాలయమును ఇయ్యలేని శిక్షణము. ప్రకటన పత్రములో దానికి వరుస లేదు. కాని షేరు కొనువాడును, ఉద్యోగమున చేరువాడును, మందు వ్రాయు వైద్యుడును అడిగి తెలిసికొనవలసిన పూర్వానుభవము అదియే.